కథలకు గట్టిన పొలిమేరలు

“ఈ కార్యక్రమము మీ ప్రాంతమున లభ్యము కాదు.” అంతర్జాలము ద్వారా టెలివిజను సీరియళ్లు చూచు కుటుంబములలో నీ వాక్యమును చదువనివా రరుదు. చందా కట్టనివారికే యీ సమాధానమైనచో తప్పుపట్ట బనిలేదు. సంవత్సరపు చందా ముందుగా చెల్లించిన గృహిణికిని, పరదేశమున నడుగిడిన దినముననే, తఱచుగా నిదియే సమాధానము.

కుమార్తె పురిటికై అమెరికాకు పోయి ఆఱునెలలుండు తల్లులు నేడు మనలో నెందఱో కలరు. కుమార్తె మరల నుద్యోగమునకు పోవ నారంభించిన పిమ్మట ఆ తల్లికి పగలెల్ల నొంటరితనమే. వీథిలో పలుకరించువారు లేరు. పసిబిడ్డ నిదురించిన వేళ తెలుగుమాట చెవిని బడుటకు ఆమెకున్న సాధనము ఆ సీరియ లొక్కటియే. ఇంటివద్ద తోడికోడలు చూచుచున్న కథయే, అదే చందాతో, అచట తెఱవబడదు. ఇది యొక కష్టమా యని పురుషులు నవ్వవచ్చును, మేము నవ్వజాలము.

ఈ యడ్డుకట్ట సాధారణముగా ప్రభుత్వములు వేసినది కాదు. వర్తకుల యొడంబడికలవలన గలిగినది. తోట గలవాడు కాపును గుత్తకిచ్చునట్లు, సీరియలు నిర్మించినవారు ప్రదర్శనపు హక్కును దేశము దేశమునకు వేఱువేఱుగా నమ్ముదురు. భారతదేశపు హక్కును మాత్రమే కొన్న సంస్థ ఆ కథను అమెరికాలో చూపరాదు. అచటి హక్కును మఱియొకరు కొనియుండవచ్చును. ఎవ్వరును కొనకయు నుండవచ్చును. ఎవ్వరును కొననిచో ఆ దేశమున నది యెవ్వరికిని దొరకదు. మాకు మిక్కిలి వింతగా దోచునది యిదియే. కొనువారు డబ్బు చేతబట్టుకొని నిలిచియుండగా అమ్మువాడు లేని యంగడి మఱెచట నున్నది?

మన మే దేశమున నున్నదియు వారి కెట్లు తెలియును? అంతర్జాలముతో గలుపబడిన ప్రతి యింటికిని అంకెలతో గూడిన చిరునామా యొకటి యుండును. ఏ యంకెలు ఏ దేశమునకు జెందినవో తెలుపు పట్టికలును గలవు. వానిని సరిచూచి తలుపు తీయుదురు, లేదా మూయుదురు. ఈ యాలోచన క్రొత్తదియు గాదు. డీవీడీల కాలముననే లోకమును అంకెలుగా బంచిరి: అమెరికాకు 1, బ్రిటనుకు 2, ఆస్ట్రేలియాకు 4, మనకు 5.

నిర్మాతల పక్షమునను కొంత న్యాయము లేకపోలేదు. పెక్కు సీరియళ్లకు వలయు ధనము, కథ తీయకమునుపే, దేశములవారీగా హక్కుల నమ్ముటవలన సమకూరుచున్నది. అయినను వార్తలు ఎల్లలు దాటు వేగమును వారు తలచినట్లు లేదు. “డౌంటన్ ఆబీ” యను ఆంగ్ల సీరియలులో మాత్యూ యను ముఖ్యపాత్ర మరణించు ఘట్టము బ్రిటనులో 2012 డిసెంబరు 25వ తేదీన ప్రసారమయ్యెను. అమెరికావారికి దానిని 2013 ఫిబ్రవరిలో గాని చూపలేదు. మరణవార్త మాత్రము అంతకు ముందే వారిని చేరినది. రెండు నెలలపాటు తెలిసిన దుఃఖమునకై వేచియుండుట యేమి వేడుక?

ఈ పొలిమేరలను గూర్చి న్యాయస్థానము వఱకు బోయి పోరాడినది యొక స్త్రీ యని మన సోదరీమణులలో నెందఱెఱుగుదురో! ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్ పట్టణమున కేరెన్ మర్ఫీ యను నామె యొక పానశాల నడుపుచుండెను. (ఆ వృత్తి మన పాఠకురాండ్రకు రుచింపకపోవచ్చును, ఆమె ధైర్యము రుచింపక మానదు.) అచటి ఫుట్‌బాల్ పందెములను చూపుటకు స్వదేశపు సంస్థకు చెల్లింపవలసిన చందా భారమై తోచగా, చౌకగా దొరకు గ్రీకుదేశపు కార్డును దెప్పించి, ఉపగ్రహము ద్వారా వచ్చు గ్రీకు ప్రసారమును చూపెను. ఆమెపై నేరము మోపి జరిమానా విధించిరి. ఆమె యూరకుండలేదు. వ్యాజ్యము లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమునకు బోయెను. అన్యదేశపు కార్డును దెచ్చుకొని వాడరాదను శాసనము, సభ్యదేశముల నడుమ సేవలు స్వేచ్ఛగా సాగవలెనను సూత్రమునకు విరుద్ధమని 2011 అక్టోబరు 4వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. ప్రసారమునందలి చిహ్నములు, సంగీతము మొదలగు వానిని పదిమందికి చూపుటకు హక్కుదారుల యనుమతి వలయునని కూడ చెప్పెను. కావున జయము సంపూర్ణము కాదు. అయినను 2012లో ఆమెపై నేరనిర్ణయము కొట్టివేయబడినది.

అటుపిమ్మట ఐరోపా సమాఖ్యవారు 2018 ఏప్రిల్ 1 నుండి యొక నియమము నమలుపఱచిరి. చందా కట్టి చూచు సేవను, కొలదికాలము వేఱొక సభ్యదేశమునకు బోయినవారికి, స్వదేశమున నున్నట్లే, అదనపు రుసుము లేక చూపవలెను. అదే సంవత్సరము డిసెంబరులో నమలునకు వచ్చిన మఱియొక శాసనము వస్తువుల క్రయవిక్రయములలో ఇట్టి యడ్డులను చాలవఱకు తొలగించెను గాని, సినిమాలను టెలివిజనును విడిచిపెట్టెను. 2021 జనవరి 1 నుండి బ్రిటనువారికి మొదటి సౌకర్యమును బోయినది.

దేశమునుబట్టి కథను బంచువారు భాషను మఱచినారని మా యభిప్రాయము. తెలుగు మాటాడు గృహము డల్లాసులో నున్నను దుబాయిలో నున్నను తెలుగు గృహమే. ఐరోపావా రొప్పుకొనిన పాటి సౌకర్యము, అనగా కొలదినెలలు పరదేశమున నుండు చందాదారునకు తన చందా చెల్లుట, మనవారు కోరుట యత్యాశ కాదు.

వీపీఎన్ అను దొడ్డిదారి యొకటి కలదు. తా మున్న దేశమును మఱుగుపఱచి మఱియొక దేశమున నున్నట్లు చూపుట దాని పని. నెట్‌ఫ్లిక్సు సంస్థ ఇట్టివానిని కట్టడి చేయుదుమని 2016 జనవరిలోనే ప్రకటించెను. ఉచితముగా దొరకు నట్టివానిని మేము బొత్తిగా మెచ్చము. ఇంటి రాకపోకల సమాచార మెల్ల నెవరో యెఱుగనివారి చేతిమీదుగా బోవును.

దూరప్రయాణమునకు ముందు సంవత్సరపు చందా కట్టక, నెలచందాతో సరిపెట్టుకొనుట మేలు. ఏయే దేశములలో చూడవచ్చునో నియమములలో నుండును, పిల్లలచేత చదివించుకొనవలెను. పాత తెలుగు చిత్రములను కొందఱు నిర్మాతలు తామే యూట్యూబులో నుంచిరి. వానిలో ననేకమునకు ఏ దేశమునందును అడ్డు లేదు.