తీరమున తెప్పకొయ్య ఎట్లు చెడును?

వంశధార సముద్రమున కలియు కళింగపట్నము వద్ద గాని, విజయనగరము జిల్లాలోని చింతపల్లి తీరమున గాని ఇసుకమీదికి లాగియుంచిన పాత కొయ్యతెప్పను పాఠకులు చూచియుందురు. ఫైబరు పడవలు వచ్చిన పిమ్మట ఇవి తగ్గినవి. అట్టి తెప్పపై బూడిదరంగు పొర యుండును. గోటితో గీచినచో అది నారవలె లేచును. చూచినవారు ఈ కొయ్య పని అయిపోయినదని తలతురు. అది తరచు పొరపాటు. కొయ్యకు ప్రాణాంతకమైనది కంటికి కనబడునది కాదు.

కొయ్యలో పోగులవంటి సెల్యులోజును, ఆ పోగులను జిగురువలె అంటించియుంచు లిగ్నిను అను పదార్థమును ముఖ్యమైనవి. ఎండలోని అతినీలలోహిత కిరణములు లిగ్నినును విరుగగొట్టును. విరిగినదానిని వాన కడిగివేయును. మిగిలిన పోగులపై బూజు చేరుటచే బూడిదరంగు కలుగును. కాని ఈ కిరణములు మిల్లీమీటరులో కొలది భాగమునకు మించి లోనికి పోలేవు. మెత్తని కొయ్య సైతము ఎండవానలకు నూరు సంవత్సరములలో సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే అరుగునని శీతలదేశములలో లెక్కించిరి.

ఉప్పు చేయు హాని కొంచెము లోతైనది. కొయ్యలోనికి ఇంకిన సముద్రజలము ఆరినప్పుడు ఉప్పు స్ఫటికములుగా పెరిగి పోగులను ఎడముచేయును. తడిసి ఉబ్బుట, ఆరి ముడుచుకొనుట వలన పగుళ్ళు పుట్టును. ఇనుపమేకు త్రుప్పుపట్టి తన చుట్టునున్న కొయ్యను కూడ చెరచును. తెప్పదుంగలను త్రాళ్ళతో కట్టుటలోను, మసూలా పడవ పలకలను కొబ్బరిత్రాటితో కుట్టుటలోను ఈ మేలుకూడ కలదు. ఉద్దానమున విరివిగా దొరకు కొబ్బరిపీచులో లిగ్నిను అధికము; అందుచే అది ఉప్పునీట త్వరగా కుళ్ళదు.

అసలు శత్రువు టెరీడో. దీనిని పురుగందురు గాని, ఇది ఆల్చిప్పకు చుట్టము. గుండుసూది మొనయంత రంధ్రముచేసి పిల్లదశలోనే కొయ్యలో ప్రవేశించి, తన చిప్పలతో తొలుచుచు లోపలనే పెరుగును. పైకి కొయ్య చెక్కుచెదరనట్లే యుండును. లోపల తేనెపట్టువలె డొల్లయగును. 1730 దశకమున హాలెండు దేశపు సముద్రపు కట్టలను కాచు కొయ్యగుంజలను ఇది నాశనముచేసినది. విశాఖపట్టణపు రేవులో కొయ్యను తొలుచు ఇట్టి జీవులను ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య పి. ఎన్. గణపతియు, వారి సహచరులును 1950 దశకమున పరిశీలించిరి.

టెరీడో నీరులేక బ్రతుకజాలదు. కావుననే వేట ముగియగానే తెప్పను ఒడ్డుకు లాగి ఆరబెట్టు అలవాటు గొప్ప రక్షణ. నీట నుంచిన పురుగు కొయ్య గుండెను తినును; ఒడ్డున నుంచిన ఎండ దాని చర్మమును మాత్రమే తినును. మత్స్యకారుడు రెండు కీడులలో చిన్నదానిని ఎన్నుకొనుచున్నాడన్నమాట.

ఆ చిన్న కీడును కూడ తగ్గింపవచ్చును. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ళకు లోపల నున్నచో కుళ్ళు పట్టదు. కావున తెప్పను తడియిసుకపై గాక అడ్డుదుంగలపై ఉంచి, తాటాకులు కప్పవలెను. పలాస ప్రాంతపు జీడిగింజల పెంకునుండి వచ్చు నూనె పూసినచో నీరు, పురుగు త్వరగా చొరవు. అయితే అది చేతికి తగిలిన పొక్కును. కొయ్య బాగోగులను రంగునుబట్టి నిర్ణయింపరాదు. త్రాడు ఒరయుచోట్లను, ఎల్లప్పుడు తడిగానుండు అడుగుభాగమును కత్తిమొనతో పొడిచి చూడవలెను. కత్తి సులువుగా దిగినచో, పైకి ఎంత నిగనిగలాడినను, ఆ దుంగను నమ్మి అలలమీదికి పోరాదు.