ఫాల్అవుట్ డీఎల్‌సీలు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి?

గేమ్ పూర్తయి క్రెడిట్స్ పడుతున్నా ఆ ప్రపంచంలోంచి బయటికి రాబుద్ధి కాదు చూడండి, డీఎల్‌సీ బిజినెస్ అంతా ఆ బలహీనత మీదే నడుస్తుంది. ఇంకొంచెం కథ ఇస్తాం, ఇంకొంచెం డబ్బు ఇవ్వండి అంటారు. కొన్నిసార్లు అసలు గేమ్ కంటే మంచి కథే దొరుకుతుంది. కొన్నిసార్లు నాలుగు కొత్త తుపాకులు, ఒక కొత్త మ్యాప్, అంతే.

అణుయుద్ధం తర్వాతి ప్రపంచంలో నడిచే ఫాల్అవుట్ సిరీస్‌లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో ప్రైమ్ వీడియోలో వెబ్ సిరీస్ వచ్చాక మా నందిగామలో కూడా "అన్నా, డీఎల్‌సీలు కొనాలా, వద్దా?" అని అడిగే తమ్ముళ్లు ఎక్కువయ్యారు. అందరి పాకెట్ మనీ అంతంతమాత్రమే కాబట్టి సూటిగా చెప్తాను. స్పాయిలర్స్ ఉంటాయి, జాగ్రత్త.

ఫాల్అవుట్ 3: క్లైమాక్స్‌కి వేరే బిల్లు

ముందు మన సంగతి. 2008 అక్టోబర్‌లో ఈ గేమ్ ప్రపంచమంతా రిలీజైతే, సాంస్కృతిక సున్నితత్వం పేరు చెప్పి మైక్రోసాఫ్ట్ దాన్ని ఇండియాకి తీసుకురాలేదు. ఫలానా సీన్ వల్ల అని వివరంగా చెప్పలేదు. గేమ్‌లోని రెండు తలల ఆవుల పేరు "బ్రాహ్మిన్" కావడమే కారణమని గేమర్లు అనుకున్నారు. తమాషా ఏంటంటే, అమెరికాలో నిజంగానే బ్రాహ్మన్ అనే పశువుల జాతి ఉంది. దాని మూలాల్లో మన ఒంగోలు జాతి కూడా ఉంది!

ఇక కథ. చివర్లో రేడియేషన్ నిండిన గదిలోకి ఒకరు వెళ్లాలి, వెళ్తే చావే. మీ పక్కనే ఫాక్స్ అనే సూపర్ మ్యూటెంట్ ఉండొచ్చు. రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. వెళ్లమంటే మాత్రం ఇది నీ తలరాత అంటాడు! గేమ్ అక్కడితో అయిపోయేది. 2009 మేలో వచ్చిన "బ్రోకెన్ స్టీల్"తో ఫాక్స్‌ని పంపొచ్చు, మీరు బతికి ఆట కొనసాగించొచ్చు, లెవెల్ కూడా 20 నుంచి 30కి పెరుగుతుంది. ఆడటానికి బాగుంటుంది. కానీ బండి అమ్మేసి, బ్రేకులు విడిగా అమ్మినట్టుంది ఈ లెక్క.

దీనికంటే "ది పిట్" నయం. బానిసలను విడిపించడానికి రోగానికి మందు దొంగిలించాలంటారు. తీరా వెళ్తే ఆ మందు ఒక పసిపాప. ఎత్తుకొస్తారా, వదిలేస్తారా? అక్కడ మీ చెయ్యి మౌస్ మీద ఆగిపోతుంది. "ఆపరేషన్ యాంకరేజ్" మాత్రం వట్టి షూటింగ్. వదిలేసినా నష్టం లేదు.

న్యూ వెగాస్: నాలుగు కలిపితే ఒక కథ

2010లో అబ్సిడియన్ స్టూడియో చేసిన న్యూ వెగాస్ నా లెక్కలో ఫస్ట్ ర్యాంక్. దాని నాలుగు కథలూ విడివిడిగా ఉంటూనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

"డెడ్ మనీ"లో మెడకి బాంబు కట్టి పాత క్యాసినోలోకి తోస్తారు. చివరికి ఖజానాలో 37 బంగారు కడ్డీలు. ఒక్కోటి 35 పౌన్ల బరువు. అన్నీ మోద్దామనుకుంటే అడుగు పడదు. ఆశ వదులుకోవడం గురించి లెక్చర్ ఇవ్వకుండా, ఆ బరువుతోనే చెప్పేశారు. "హానెస్ట్ హార్ట్స్" మెయిన్ కథ మామూలే. కానీ గుహల్లో ఒక మనిషి వదిలి వెళ్లిన డైరీలు వెతికి చదవండి. బాంబులు పడిన రోజు నుంచి అతను ఎలా బతికాడో ఒక్కో ఎంట్రీలో తెలుస్తుంది. "ఓల్డ్ వరల్డ్ బ్లూస్" కడుపుబ్బా నవ్విస్తుంది. మీ మెదడుతో మీరే వాదించాలి మరి!

నాకు బాగా తగిలింది "లోన్‌సమ్ రోడ్". హీరో ఒక కొరియర్. అతను సరుకు మోసిన దారి మీదే ఒక ఊరు పుట్టింది. అతను తెచ్చిన ఒక పార్సిల్ వల్లే ఆ ఊరు నాశనమైంది. అతనికి మాత్రం ఆ సంగతే తెలియదు. మాది హైవే మీద బతికే ఊరు. 2024 సెప్టెంబర్ మొదట్లో ఐతవరం దగ్గర మున్నేరు, గరికపాడు దగ్గర పాలేరు పొంగి హైదరాబాద్–విజయవాడ రోడ్డు ఆగిపోయింది. దారి తెగితే ఊరు ఏమవుతుందో అప్పుడు చూశాం. ఆ తర్వాత ఈ డీఎల్‌సీ మళ్లీ ఆడితే, ఆ విరిగిన రోడ్డు మీద పరిగెత్తాలనిపించలేదు. నడిచాను.

ఫాల్అవుట్ 4: ఒకటి కొనండి

2016లో ఆరు డీఎల్‌సీలు వచ్చాయి. వాటిలో మూడు వర్క్‌షాప్‌లు, అంటే ఇల్లు కట్టుకునే సామాను. కథ కావాలంటే "ఫార్ హార్బర్" చాలు. తప్పిపోయిన అమ్మాయిని వెతకడంతో మొదలై, పొగమంచు దీవిలో మూడు వర్గాల మధ్య ఇరుక్కుంటారు. శాంతి కోసం ఒకప్పుడు ఒకరిని చంపి, ఆ స్థానంలో రోబో మనిషిని పెట్టారని బయటపడుతుంది. ఇప్పుడు మళ్లీ శాంతి కావాలంటే అదే పని ఇంకోసారి చేయాలి. ఒప్పుకుంటారా?

"నూకా వరల్డ్"లో మాత్రం మీరు దోపిడీ ముఠాలకి బాస్. వద్దు, మంచిగా ఆడతానంటే ముఠాలన్నిటినీ చంపేయడమే. దాంతో సగం కథ పోయినట్టే. పార్క్ అందంగా ఉంటుంది, అంతవరకే.

మరి ఏం చేయాలి?

పాత ల్యాప్‌టాప్ ఉన్నా దిగులు లేదు. న్యూ వెగాస్‌కి 2 జీబీ ర్యామ్, 10 జీబీ స్పేస్ చాలు. నాలుగు కథలూ ఉన్న అల్టిమేట్ ఎడిషన్‌నే సేల్‌లో తీసుకోండి, విడివిడిగా కొనొద్దు. ఫాల్అవుట్ 4కి 8 జీబీ ర్యామ్, 30 జీబీ స్పేస్ కావాలి. రోజువారీ డేటా ప్యాక్ మీద డౌన్‌లోడ్ పెడితే రోజులు పడుతుంది, ఎవరి ఇంట్లోనైనా ఫైబర్ ఉంటే అక్కడ పెట్టండి.

నా ర్యాంకింగ్: లోన్‌సమ్ రోడ్, ఫార్ హార్బర్, డెడ్ మనీ, ఆ తర్వాత ది పిట్. ఏ డీఎల్‌సీకైనా ఒకటే పరీక్ష: సిస్టమ్ ఆపేసి పడుకున్నాక, "నేను చేసింది కరెక్టేనా?" అని అనిపించిందా? అనిపిస్తే మీ డబ్బు వసూలైనట్టే. మీ ర్యాంకింగ్ వేరేలా ఉంటే చెప్పండి, వాదించుకుందాం.