వైకింగుల వెండి నాణెములు

అంగడిలో రూపాయి చేతికి వచ్చినప్పుడు మనము దానిని త్రాసులో వేసి తూచము. దానిపై నున్న ముద్రను నమ్మి పుచ్చుకొందుము. ఈ నమ్మిక యూరక కలిగినది కాదు. తూనికనే నమ్మిన యొక జాతి ముద్రను నమ్ముట నేర్చుకొనిన వృత్తాంతము ఇంగ్లండు చరిత్రమున గలదు. దానిని చదువరులకు సంగ్రహముగా దెలుప నెంచితిమి.

క్రీ. శ. 865లో వైకింగులను సముద్రయోధుల మహాసైన్యము ఇంగ్లండు తూర్పుతీరమున దిగెను. వారు 866లో యార్కు పట్టణమును బట్టుకొనిరి. 869లో ఈస్టాంగ్లియా రాజగు ఎడ్మండును జంపిరి. వీరు వెండిని తూచి వ్యవహరించువారు. కడియములను, కడ్డీలను ముక్కలుగా నఱికి, చిన్న త్రాసులలో దూచి బేరమాడుచుండిరి. నాణెము దొరకినను కత్తిమొనతో గాటుపెట్టియో, వంచియో పరీక్షించెడివారు. అరబ్బు దేశముల దిర్హములు సైతము వారికి దూనిక వెండియే.

దోపిడి మాని సేద్యమునకును, వర్తకమునకును దిగిన పిమ్మట వారికి నాణెముల యవసరము తోచెను. 878లో ఆల్ఫ్రెడు రాజుచే నోడింపబడిన గుత్రమ్ అను నాయకుడు బాప్తిస్మమంది, ఏథెల్‌స్టన్ అను పేరు దాల్చెను. తరువాత ఈస్టాంగ్లియా నేలుచు, ఆ క్రొత్త పేరనే వెండి పెన్నీలను ముద్రింపించెను. ఆల్ఫ్రెడు పెన్నీ యించుమించు 1.6 గ్రాములు, అనగా తులములో నేడవవంతు, తూగెడిది. వైకింగుల పెన్నీలు దానికంటె కొంచెము తేలిక.

ఇంతకంటె వింత యేమనగా, 895 ప్రాంతమున ఆ సీమలోనే వెలువడిన నాణెములపై పరిశుద్ధుడైన ఎడ్మండు రాజు పేరు చెక్కబడెను. వైకింగులు అతనిని జంపి ముప్పదియేండ్లైన గాకముందే, వారి యేలుబడిలోనే, అతని పేరు నాణెమునకు విలువ నిచ్చెను! యార్కులో పరిశుద్ధ పేతురు పేర వెలువడిన కొన్ని నాణెములపై ఖడ్గమును, తోరు దేవుని సుత్తియు గూడ గలవు. ప్రాతమతమును, క్రొత్తమతమును ఒక్క వెండిబిళ్లపై నిట్లు కలిసికొనెను.

అయినను పాతయలవాటు ఒక్కనాట బోలేదు. 1840 మే 15వ తేదీని ప్రెస్టను చెంత కుయెర్డేలులో రిబ్బిల్ నదిగట్టు బాగుచేయుచున్న కూలీలకు సుమారు 40 కిలోగ్రాముల వెండి దొరకెను. అందు దాదాపు 7,000 నాణెములును, వానితో గలసి కడ్డీలును, నఱికిన నగల ముక్కలును ఉండెను. 905 – 910 ప్రాంతమున బాతిన యా నిక్షేపములో ముద్రను నమ్ముటయు, తూనికను నమ్ముటయు ప్రక్కప్రక్కనే కానవచ్చుచున్నవి.

954లో ఎరిక్ రాజు యార్కునుండి వెడలగొట్టబడుటతో అచ్చటి వైకింగు నాణెములు ముగిసెను. విద్యార్థులారా! ఖడ్గముచే రాజ్యము లభింపవచ్చును గాని, సంతలో నాణెమును జెల్లించునది ఖడ్గము గాదు, జనుల నమ్మకము. ఆ నమ్మకమునకై విజేతలు తాము చంపిన రాజు పేరునే యాశ్రయింపవలసివచ్చెనని మనము మఱవకుందుము గాక.