మారుగదుల నౌక

పూర్వము మన పల్లెలలో రైతు ఇంట బండి యొకటే యుండెడిది. తడికెలు నిలిపినచో దానిపై ఎరువు తోలెడివారు. గూడు కట్టినచో అదే బండిలో పెండ్లివారు తరలిపోయెడివారు. ఎద్దులు మారవు, ఇరుసు మారదు. పైభాగము మాత్రమే పనినిబట్టి మారును. ఈ యుపాయమునే నక్షత్రముల నడుమకు కొనిపోయినచో ఎట్లుండును? అట్టి నౌక యొకటి ‘ట్రావెలర్’ అను అమెరికా క్రీడలో కలదు. దాని పేరు మాడ్యులర్ కట్టర్.

ట్రావెలర్ క్రీడను మార్క్ మిల్లర్ రచింపగా గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అను సంస్థ 1977లో ప్రకటించెను. ఇది చదరంగమువలె పావులు కదుపు ఆట కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుండి, తలకొక పాత్రను ధరించి, ఆ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. రెఫరీ యగువాడు లోకమును వర్ణించి ఫలితములను తెలుపును. సందేహము కలిగినచోట రెండు పాచికలు తీర్పు చెప్పును. కథాకాలము సుదూర భవిష్యత్తు.

ఈ క్రీడలో టన్ను అనగా బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ ఆక్రమించు స్థలము, అనగా సుమారు 14 ఘనమీటర్లు, ఒక టన్ను. కట్టర్ మొత్తము 50 టన్నులు. అందులో 30 టన్నులు నౌకవి కానే కావు. అవి తీసి మార్చదగిన మాడ్యూలువి. మూడు మీటర్ల ఎత్తు కప్పు గల 140 చదరపు మీటర్ల ఇంటిని ఊహించుకొనుడు. ఆ యిల్లంతయు ఒక మాడ్యూలు. మిగిలిన 20 టన్నులలోనే యంత్రము, ఇంధనము, నడపువారి ఆసనములు ఇమిడియుండవలెను. నడుపుటకు ఇద్దరు చాలుదురు.

మాడ్యూళ్లు పలు విధములు. ఒకదానిలో ఎట్టి నేలమీదనైనను పోగల వాహన ముండును. ఒకటి కేవలము ఇంధనపు తొట్టి. మరియొకటి ఖాళీగా నుండి యజమాని కోరినట్లు అమర్చుకొనుటకు వీలుగా నుండును. 2000వ సంవత్సరమున స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ ఈ చిన్న నౌక నొక్కదానిని గూర్చియే ఒక పుస్తకము ప్రకటించెననిన దీనిపై ఆటగాండ్ర కెంత మక్కువయో తెలియును. ఇది కేవలము కల్పనయు కాదు. 1962లో తొలిసారి ఎగిరిన సికోర్‌స్కీ ఎస్-64 హెలికాప్టరునకు నడుమ భాగమే లేదు. వెన్నెముక వంటి దూలము క్రింద వలసిన పెట్టెను తగిలించుకొని పోవును. అట్టి పెట్టెలో శస్త్రచికిత్సాలయము సైతము అమర్చిరి.

కట్టర్ తానుగా ఒక నక్షత్రమునుండి మరొక నక్షత్రమునకు పోలేదు. అందులకు లంఘనయంత్రము కావలెను. 100 టన్నులకు లోబడిన నౌకలో దాని నమర్చరాదని క్రీడానియమము. కావున దీనికొక తల్లినౌక యుండవలెను. బ్రాడ్‌స్వర్డ్ అను 800 టన్నుల కిరాయి సైనికుల నౌకలో ఇట్టి కట్టర్లు రెండుండును. ఆ నౌక మూడు పార్సెక్కుల దూరము లంఘించుటకు 240 టన్నుల హైడ్రోజన్ కావలెను. శుద్ధిచేసిన దానిని రేవులో కొనినచో టన్నుకు 500 క్రెడిట్లు. బృహస్పతి వంటి వాయుగ్రహముపై ముంచుకొని తెచ్చినచో వెల లేదు, కాని శుద్ధి కానిదగుటచే లంఘనము దారితప్పు భయము కలదు. తొట్టి మాడ్యూలులో 30 టన్నులకు మించి పట్టదు గనుక ఎనిమిది మార్లకు తక్కువ కాకుండ దిగి యెక్కవలెను.

ఇంతకును, మారుగదులనిన ఖర్చులేని సౌకర్యమని భ్రమపడరాదు. తగిలించని మాడ్యూలును ఎక్కడ దాచవలెను? తల్లినౌకలోనే. చిన్న వర్తకునికి 200 టన్నుల నౌకయు, 82 టన్నుల సరకుల కొట్టును ఉండును. అందులో మాడ్యూలుతో కూడిన కట్టరునకు 50, అదనపు మాడ్యూలునకు 30 పోగా సరకులకు మిగులునది రెండు టన్నులు! సరకు రవాణాకు టన్నుకు 1,000 క్రెడిట్లు కూలి. అనగా అదనపు మాడ్యూలొక్కటే ప్రతి ప్రయాణమునను 30,000 క్రెడిట్ల రాబడిని మింగుచుండును. నౌక వెలలో 240వ వంతు చొప్పున నెలనెలా 40 ఏండ్లు, అనగా వెలకు రెట్టింపు, బ్యాంకుకు కట్టవలసిన యా వర్తకుడు కట్టర్ వంక చూడకపోవుట సహజమే. నా దృష్టిలో ఈ నౌకను సృష్టించినవారి నేర్పు ఇచ్చటనే యున్నది: ఏ గదిని వెంట తేవలెనను నిర్ణయము అవసరము తెలియకముందే జరిగిపోవును.

ఒక ఉదాహరణము ఊహింతము. తల్లినౌక ఒక వాయుగ్రహము చేరినది. ఇంధనము చాలదు, కట్టరునకు తొట్టి తగిలించియున్నది. అంతలో సమీపమందలి ఉపగ్రహమునుండి గనిపనివారి మొర వినవచ్చినది. గాలి కొన్ని గంటలకే సరిపోవును. తొట్టిలో మనుష్యుల నెక్కించుట కాదు. జనులకు తగిన మాడ్యూలు గత రేవులోనే విడిచివచ్చిరి. ఈ లోకమున నౌకకంటె వేగముగ వార్త పోవు సాధనము లేదు. లంఘనమునకో, వారము పట్టును. ఇక మిగిలినది మాడ్యూలే లేకుండ కట్టరును నడపి, ముందుభాగమున నలుగురైదుగురిని ఇరికించుకొని, పలుమార్లు తిరుగుట. గనిలో నెందరున్నారు, ఒక్కొక్క మారునకు నెంత ఇంధనము కాలును, తుదకు తల్లినౌకకు మిగులున దెంత? ఆటగాండ్రు పాచికలను ప్రక్కకు నెట్టి, కాగితము, పెన్సిలు అందుకొందురు.