విదేశములో కొన్న కంప్యూటరు – తెర భాషను మార్చుకొను విధము

మట్టెవాడ చుట్టుప్రక్కల నుండి జర్మనీ, అమెరికా, గల్ఫు దేశములకు చదువునకో కొలువునకో వెడలిన బిడ్డలు సెలవులకు వచ్చినప్పుడు తాము వాడిన ల్యాప్‌టాపును తండ్రికిచ్చి పోవుట ఇటీవల వాడుకయైనది. యంత్రము మంచిదే. కాని మూత తెరచిన వెంటనే తెర మీద జర్మను మాటలో, అరబ్బీ అక్షరములో కానవచ్చును. బిడ్డ విమానమెక్కిన పిమ్మట దానిని చదివి చెప్పువారు ఇంటిలో నుండరు. కొందరు దానిని బీరువాలో పెట్టి తాళము వేయుచున్నారు. మరి కొందరు బజారులో నెవరికో అప్పగింపగా, వారు యంత్రములోని సమస్తమును తుడిచివేసి, లైసెన్సు లేని విండోసును ఎక్కించి, రుసుము పుచ్చుకొని పంపుచున్నారు. దానితో బిడ్డ దాచిన పటములు, కాగితములు పోవును. తండ్రి అప్పటికే వ్రాసికొన్న పత్తి లెక్కలుండిన, అవియు పోవును.

ఇంత నష్టమునకు కారణము లేదు. తెర భాషను మార్చుటకు యంత్రమును తుడువ నక్కర లేదు. విండోసుతో అమ్మబడిన కంప్యూటర్లలో మిక్కిలి భాగమునకు దాని లైసెన్సు యంత్రము లోపలనే నిక్షిప్తమై యుండును. అట్టి సొమ్మును చేతులార పోగొట్టుకొని లైసెన్సు లేని దానిని తెచ్చిపెట్టుకొనుట, మేలైన విత్తనమును గాదెలో నుంచి సంతలో నకిలీ విత్తనము కొనుటయే యగును.

భాష తెలియని కాగితము ఎట్టిదో మన ప్రాంతపు రైతునకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. నిజాము రాజ్యములో సర్కారు దస్త్రములు మొదట పారసీలోను, తరువాత ఉర్దూలోను నడచెను. తన పహాణీలో ఏమున్నదో తెలిసికొనుటకు పట్టాదారు మరియొకని నోటిని నమ్మవలసి వచ్చెను. ఆ కాలముననే, 1904లో, హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినది. ఇప్పుడు సంఘముల లెక్కలే కంప్యూటరు కెక్కుచున్నవి. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమునకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న 2,516 కోట్ల రూపాయలతో ఆమోదము తెలిపెను. కావున సభ్యుడును తన యింటి తెరను తాను చదువుకొనగలుగుట మంచిది.

మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, మనము ‘భాష’ అని యొక్క మాటతో చెప్పునది కంప్యూటరులో మూడు వేర్వేరు సంగతులు. తెర మీద మాటలు కనబడు భాష యొకటి. కీబోర్డు మీటలు నొక్కినప్పుడు ఏ అక్షరము పడవలెనను ఏర్పాటు రెండవది. తేదీలను, అంకెలను వ్రాయు దేశాచారము మూడవది. మొదటిది మార్చి తక్కిన రెంటిని మరచినవారే చిక్కులలో పడుచున్నారు.

తెర భాష విషయము సులభము. ముందుగా ఇంటర్నెట్టు కలుపుకొనవలెను. భాషా భాగము దాని ద్వారా దిగుమతి కావలసి యుండును. కీబోర్డు అడుగు వరుసలో నాలుగు గడుల కిటికీ గుర్తు గల మీట యుండును. దానిని అదిమి పట్టి, ‘ఐ’ అను ఆంగ్లాక్షరపు మీటను నొక్కిన సెట్టింగుల పుట తెరచుకొనును. తెర మీది మాటలు ఏ భాషలో నున్నను ఈ రెండు మీటలు పని చేయును. విండోసు 11లో ఎడమ ప్రక్కన బొమ్మలతో కూడిన పట్టిక కనబడును. అరబ్బీ తెరయైనచో సర్వము అద్దములో వలె తిరుగబడి, ఆ పట్టిక కుడి ప్రక్కకు వచ్చును. దానికి వెరవ నక్కర లేదు. మాటలను విడిచి బొమ్మలను చూడవలెను. గడియారపు బొమ్మ గలది కాలము, భాషల విభాగము. దానిని తెరచి, అందు భాషకు, ప్రాంతమునకు సంబంధించిన వరుసను నొక్కవలెను. అచట పై భాగముననే తెర భాష యుండును. దాని క్రింద భాషను చేర్చుటకొక బొత్తాము గలదు. నొక్కగానే వచ్చు జాబితాలో భాషలు తమ తమ లిపులలో వ్రాయబడి యుండును గనుక, జర్మను రానివాడును ‘తెలుగు’ అను మాటను గుర్తింపగలడు. దానిని ఎంచి, తెర భాషగా పెట్టుమను గడిలో గుర్తు పెట్టి, దిగుమతి ముగియువరకు ఓపిక పట్టి, ఖాతానుండి బయటకు వచ్చి మరల ప్రవేశించిన తెర మారియుండును.

తెలుగా, ఇంగ్లీషా అని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. ఇంగ్లీషు చదువగలవారు ‘ఇంగ్లీషు (భారతదేశము)’ను పెట్టుకొనుట మంచిదని మా యభిప్రాయము, ఏలయన, ఫోనులో సాయము చెప్పు బిడ్డలందరు ఇంగ్లీషు పేర్లతోనే చెప్పుదురు. చదువలేనివారు సంకోచింపక తెలుగును పెట్టుకొనవలెను. తెలుగు తెరలో అచ్చటచ్చట ఇంగ్లీషు మాటలు మిగిలి యుండును, కొన్ని తెలుగు మాటలు మనము పలుకునవిగా తోచవు. ఐనను పది దినములలో అలవడును.

ఒక్కొక్కచో తెలుగును చేర్చినను తెర భాషగా పెట్టుటకు యంత్రము ఒప్పుకొనదు, లేదా ఒక్క భాషకే అనుమతి గలదని చెప్పును. అది ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అను రకపు విండోసు. ఏక భాషకు కట్టుబడిన ఆ రకమును మార్చవలెనన్న వెల చెల్లించి పై రకమునకు పోవలసి యుండును. అంత వ్యయము అక్కరలేదనువారు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్ల భాషను వాటి సెట్టింగులలో విడిగా మార్చుకొనవచ్చును. తెలుగు కీబోర్డును చేర్చుటకు ఈ రకములోను అడ్డు లేదు.

ఇక కీబోర్డు సంగతి. జర్మను కీబోర్డులో ‘వై’, ‘జడ్’ అను అక్షరములు తారుమారుగా నుండును. ఫ్రెంచి కీబోర్డులో ‘ఏ’ ఉన్న చోట ‘క్యూ’, ‘క్యూ’ ఉన్న చోట ‘ఏ’ యుండును. పై వరుసలో అంకె కావలెనన్న షిఫ్టు మీటతో నొక్కవలెను. లోపలి ఏర్పాటును భారతీయ ఇంగ్లీషునకు మార్చినను మీటల మీది అచ్చు మారదు గదా. అందుచేత కంటికి ఒక అక్షరము కనబడగా తెర మీద మరియొకటి పడును. పాస్‌వర్డు వ్రాయునప్పుడు అక్షరములు చుక్కలుగా మాత్రమే కనబడును గనుక, తప్పెక్కడనో తెలియక యంత్రము చెడెనని భ్రమపడుదురు. కావున క్రొత్త ఏర్పాటుతో ఒక పర్యాయము లోపలికి ప్రవేశించి చూచుకొను వరకు పాత ఏర్పాటును తీసివేయరాదు. ప్రవేశ ద్వారపు తెర మీద కుడివైపు మూలలో ఏ ఏర్పాటు నడచుచున్నదో చిన్న అక్షరములలో కనబడును. విండోసు మీటతో ఖాళీ పట్టీని నొక్కిన ఒక ఏర్పాటునుండి మరియొకదానికి పోవచ్చును. తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు ఏర్పాటును, ఇంగ్లీషు అక్షరములతో పలుకుబడి ననుసరించి వ్రాయు ఫొనెటిక్ ఏర్పాటును రెండును విండోసులో గలవు.

మూడవది తేదీలు, అంకెలు. సభ్యులు తేలికగా విడుచునది ఇదియే. సొమ్మునకు ముప్పు తెచ్చునదియు ఇదియే. అమెరికా వారు నెలను ముందు వ్రాసి దినమును తరువాత వ్రాయుదురు. అట్టి యంత్రములోని ఎక్సెల్ పుటలో బాకీ గడువని 5/8/2025 వ్రాసిన, మనకు ఆగస్టు 5. యంత్రమునకు మే 8. దాదాపు మూడు నెలల తేడా. 13/8/2025 అని వ్రాసినచో పదమూడవ నెల లేదు గనుక దానిని తేదీగానే ఎంచక వట్టి అక్షరములుగా నుంచును. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు, కొన్ని అక్షరములు చేరి, గడువుల క్రమము చెడిపోవును.

జర్మను ఆచారము ఇంకను తిరకాసు. వారు దశాంశమునకు కామాను, వేలను విడదీయుటకు చుక్కను వాడుదురు. 1.250 అనగా వారికి వేయిన్ని రెండువందల యేబది. జర్మను పద్ధతిలో నున్న ఎక్సెల్‌లో పండ్రెండున్నర క్వింటాళ్ల పత్తి యని 12.5 వ్రాసిన, అది తూకముగా నిలువక మే 12 అను తేదీగా మారును! తరువాత దేశాచారమును మార్చినను ఆ గడిలో మరల తూకము రాదు; చేతితో దిద్దవలసినదే. ఏనుమాముల మార్కెట్టు తక్‌పట్టీలను దగ్గర నుంచుకొని గడి గడియు సరిచూచుట ఎంత పనియో ఊహింపుడు. కావున ఒక్క లెక్కయైన వ్రాయక మునుపే ఈ ఏర్పాటును మార్చవలెను.

మార్చు చోటు పైన చెప్పిన పుటలోనే, భాషల జాబితాకు దిగువన గలదు. దేశము భారతదేశమనియు, ప్రాంతీయ పద్ధతి ‘ఇంగ్లీషు (భారతదేశము)’ అనియు పెట్టిన, దినము ముందు, నెల తరువాత వచ్చును. అంకెలు 1,25,000 అని లక్షల లెక్కన విడువడును. తెర భాష మారినది గదా యని ఇదియు మారియుండునని నమ్మరాదు, తెరచి చూడవలెను. పిమ్మట ఎక్సెల్‌లో ఒక ఖాళీ గడిలో 12.5 అనియు, దాని క్రింద 13/8/2025 అనియు వ్రాసి చూడుడు. మొదటిది తూకముగాను, రెండవది తేదీగాను కుడి అంచునకు ఒత్తుకొని నిలిచిన ఏర్పాటు సరియైనది. అదే గడియారపు విభాగములో కాలమండలమును కూడ భారతదేశమునకు మార్చవలెను.

ఇంత చేసినను ప్రవేశ ద్వారపు తెర కొన్ని యంత్రములలో పాత భాషలోనే యుండును. అది దోషము కాదు. ఆ తెరకు ఏర్పాటు వేరుగా నున్నది. పాస్‌వర్డు గడిని గుర్తించినవారికి దానితో పని లేదు. సెట్టింగులలో వెదకునప్పుడు, అర్థము తెలియని హెచ్చరికతో యంత్రము అంగీకారము కోరినచో, ఒప్పుకొనక పుటను మూసివేయవలెను. యంత్రమును తుడుచు బొత్తాము కూడ ఆ సెట్టింగులలోనే గలదు. బిడ్డ ఇంకను ఇంటనే యున్నయెడల ఈ మూడు మార్పులను అతని యెదుటనే చేసి, పాస్‌వర్డును తండ్రి చేతితోనే రెండు పర్యాయములు వ్రాయించి, విండోసు ఏ రకమో కాగితము మీద గుర్తు వేయించుకొనవలెను.