డెబ్బై ఏళ్ల సాక్ష్యం

హిట్లర్ సైన్యంలో పోరాడనని చెప్పినందుకు 1943 ఆగస్టు 9న నాజీలు తల నరికి చంపిన ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్ పేరు ఇవాళ క్రైస్తవ లోకంలో చాలామందికి తెలుసు. 2007లో కథోలిక శ్రీసభ ఆయన్ను ధన్యుడిగా ప్రకటించింది. 2019లో టెరెన్స్ మాలిక్ ఆయన కథతో ‘ఎ హిడెన్ లైఫ్’ సినిమా తీశాడు. ఆయన భార్య ఫ్రాంజిస్కా మాత్రం ఈ కథ ఎవరు చెప్పినా ఒక పక్కకే ఒదిగి ఉంటుంది. కళ్లనీళ్లతో మొగుణ్ణి సాగనంపిన ఇల్లాలు, ఓర్పుకు మారుపేరు, ముగ్గురు ఆడపిల్లల తల్లి. వినడానికి గౌరవంగానే ఉన్నా ఈ వర్ణన ఆమెకు అన్యాయమే చేస్తుంది. ఫ్రాంజ్ జైల్లో గడిపింది అయిదు నెలల పైచిలుకు. ఆ నిరాకరణకు మూల్యం కడుతూ ఫ్రాంజిస్కా అదే ఊళ్లో, అదే పొలంలో, అదే మనుషుల మధ్య బతికింది దాదాపు డెబ్బై ఏళ్లు. ఆయనది సాక్ష్యమైతే ఆమెదీ సాక్ష్యమే. ఆమె దాన్ని విధిరాత అనుకుని మోయలేదు. తెలిసి ఎంచుకుంది.

ఫ్రాంజిస్కా 1913 మార్చి 4న ఎగువ ఆస్ట్రియాలోని హోఖ్‌బుర్గ్‌లో, భక్తిపరులైన రైతు కుటుంబంలో పుట్టింది. ఆమె మెట్టిన ఊరు సెయింట్ రాడెగుండ్ అక్కడికి దగ్గరే. సాల్‌సాఖ్ నది ఒడ్డున, జర్మనీ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. (సినిమాలో కనిపించే మహా పర్వతాలు ఆ ఊరివి కావు. అవి చాలావరకు ఇటలీ ఉత్తర భాగంలో తీసిన దృశ్యాలు. అసలు ఊరు సాదాసీదా మెరక పొలాల ఊరు.) హిట్లర్ పుట్టిన బ్రౌనావ్ కూడా ఆ జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 9న, పవిత్ర గురువారం నాడు, ఆమె ఫ్రాంజ్‌ను పెళ్లాడింది. పెళ్లి కాగానే ఇద్దరూ రోముకు యాత్ర వెళ్లారు. ఆ కాలపు రైతు జంటలకు అది అరుదు. పెళ్లికి ముందు ఫ్రాంజ్ ఊళ్లో హుషారు కుర్రాడు. మోటారు సైకిలు తెచ్చి తిరిగినవాడు, పెళ్లి కాకుండానే ఒక ఆడపిల్లకు తండ్రయినవాడు. పెళ్లయ్యాక భార్యాభర్తలు కలిసి ప్రార్థన చేయడం, బైబిలు చదవడం చూసిన ఊరివాళ్లు, పెళ్లామే అతన్ని మార్చేసిందని నిర్ధారించుకున్నారు. ఆయన్ను చంపేశాక ఈ మాటే ఆమె మీద నేరారోపణ అయింది.

ఆ నిర్ధారణ పూర్తిగా నిజం కాదు. ఆయనలో భక్తి పెళ్లికి ముందే మొదలైంది. మఠంలో చేరాలని కూడా కొన్నాళ్లు ఆలోచించాడు. కానీ ఊరి మాటలో ఒక సగం నిజముంది, దాన్ని కొట్టిపారేయకూడదు. అప్పటిదాకా ఒంటరిగా ఉన్న ఒక తపనకు ఆ ఇంట్లో తోడు దొరికింది. 1938 ఏప్రిల్ 10న ఆస్ట్రియాను జర్మనీలో కలపడంపై ఓటింగు పెట్టినప్పుడు ఫ్రాంజ్ వద్దని ఓటు వేశాడు. ఊళ్లో వ్యతిరేకించింది ఆయన ఒక్కడే. నూటికి నూరుమందీ సమ్మతించినట్టు చూపించాలని అధికారులు ఆ ఓటును లెక్కలోంచే తీసేశారు. నాజీ ప్రభుత్వం ఇచ్చే కుటుంబ భత్యాన్ని కూడా ఆయన వద్దన్నాడు. ఈ చివరి సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. భత్యం వదులుకుంటే లోటు పడేది వంటింట్లో, పసిపిల్లల గిన్నెల్లో. ఆదర్శం ఆయనదే అయినా దాని ఖర్చు ఆమె కట్టింది. అది రైతు ఇల్లు. అక్కడ వచ్చే ప్రతి పైసా ఎటు పోతుందో ఇల్లాలికి తెలియకుండా ఉండదు.

పొలం సంగతి కూడా ఈ కథలో ఎవరూ పట్టించుకోరు. 1940లో ఫ్రాంజ్‌కు సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఊరి యంత్రాంగం జోక్యంతో తిరిగి వచ్చాడు. మళ్లీ పిలిచి 1941 ఏప్రిల్ దాకా శిక్షణలో ఉంచుకున్నారు. మూడో కూతురు పుట్టింది 1940లోనే. అంటే చంటిపిల్లతో, ఇంకా బడికి పోని ఇద్దరు పిల్లలతో, ముసలి అత్తతో, పశువులతో, పంటతో ఇల్లు నడిపింది ఫ్రాంజిస్కా. ఆ నెలల్లో భార్యాభర్తల మధ్య నడిచిన ఉత్తరాల్లో దేవుడి మాటల పక్కనే పొలం పనులుంటాయి, పిల్లల అల్లరి ఉంటుంది. ఆయన దూరం నుంచి సలహాలు రాస్తాడు, ఆమె జరిగిందేమిటో రాస్తుంది. వాటిని ఒక హతసాక్షి జీవితానికి నేపథ్యంగా మాత్రమే చదివితే అసలు విషయం తప్పిపోతుంది. 1943లో ఫ్రాంజ్ ‘నేను పోరాడను’ అనగలిగాడంటే, తాను లేకపోయినా పొలం పడావు పడదని, పిల్లలు పస్తులుండరని అంతకుముందే ఒకసారి రుజువై ఉంది. ఆ రుజువు ఇచ్చింది ఆమె రెక్కల కష్టం.

ఆ కాలపు రైతు ఇళ్లలో భార్య మాట ఎంత చెల్లేది, భర్త నిర్ణయానికి తలొంచడం తప్ప ఆమె చేసిందేముంది, అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జరిగిన క్రమం చూస్తే జవాబు దొరుకుతుంది. ఫ్రాంజిస్కా మొదట్లో భర్తను సమర్థించలేదు. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దని బతిమాలింది. ఆ తర్వాతే మారింది. ఎందుకు మారిందో తర్వాతి కాలంలో ఆమే చెప్పింది: అందరూ ఆయనతో తగాదా పడుతున్నారు, తాను కూడా పక్కన నిలబడకపోతే ఆయనకు ఇంకెవరూ ఉండరు. మొదటినుంచీ తలూపి ఉంటే అది విధేయత అనేవాళ్లం. వాదించి, ఓడి, ఆ తర్వాత ఆయన చేయబోయేదానికి ఏం మూల్యం పడుతుందో తెలిసి కూడా పక్కకు వచ్చి నిలబడటం వేరు. పైగా ఆమెకు ఎదురుగా నిలిచింది నాజీలు మాత్రమే కాదు. ఫ్రాంజ్ సలహా కోసం లింజ్ పీఠాధిపతి జోసెఫ్ ఫ్లీసర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫ్రాంజిస్కా వెంట వెళ్లింది. గదిలోకి వెళ్లలేదు, బయట ఉంది. కుటుంబం పట్ల బాధ్యత చూసుకోమని, పాలకుల యుద్ధానికి మామూలు పౌరుడు జవాబుదారీ కాడని బిషప్ చెప్పి పంపాడు. తన సొంత శ్రీసభ పెద్దే భర్తను ఇంటికి తిప్పే మాట అందిస్తుంటే, ఆ మాట పట్టుకుని మొగుణ్ణి ఆపడం ఏ ఇల్లాలికైనా తేలిక. ఆమె ఆ మాటను వాడుకోలేదు.

1943 ఫిబ్రవరిలో మళ్లీ పిలుపు వచ్చింది. మార్చి 1న ఎన్స్ బ్యారక్‌కు వెళ్లి, మర్నాడు ఆయుధం పట్టనని ఫ్రాంజ్ చెప్పాడు. క్షతగాత్రులకు సేవ చేసే పనైతే చేస్తానన్నాడు, దాన్ని ఎవరూ లెక్క చేయలేదు. లింజ్‌లో జైలు, తర్వాత బెర్లిన్‌లోని టేగెల్ జైలు. జులై 6న సామ్రాజ్య సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. ప్రభుత్వం కుదిర్చిన లాయరు, భార్య కనబడితే మనసు మారుతుందేమోనన్న ఆశతో ఆమెను బెర్లిన్ రప్పించాడు. జులై రెండో వారంలో ఊరి గురువు ఫుర్ట్‌హావర్‌తో కలిసి రైల్లో వెళ్లింది. కాపలావాళ్ల ముందు, ఇరవై నిమిషాల భేటీ. గురువు ఫ్రాంజ్‌కు నచ్చజెప్పడానికి ప్రయత్నించాడు. ఆమెను రప్పించింది కూడా అందుకే. ఆ పని మాత్రం ఆమె చేయలేదు. ముగ్గురు కూతుళ్లు ‘నాన్నా, త్వరగా రా’ అన్న అట్ట పట్టుకుని నిలబడిన ఫొటో ఒకటి అంతకుముందే జైలుకు చేరింది. పిల్లల ప్రేమను దాచిపెట్టి ఆయన్ను చావుకు సిద్ధం చేసిన గుండె కాదు ఆమెది. రమ్మని ఆ ఇల్లు రోజూ అడుగుతూనే ఉంది, కానీ మనస్సాక్షిని అమ్ముకుని రమ్మని అడగలేదు.

ఇక అసలు గట్టి అభ్యంతరం. పసిపిల్లలున్న తండ్రికి చనిపోయే హక్కు ఉందా? పోరాడతానని ప్రమాణం చేసి సంతకం పెడితే పోయేదానికి ముగ్గురు ఆడపిల్లల్ని తండ్రి లేనివాళ్లను చేయడం భక్తా, మొండితనమా? యుద్ధం తర్వాత ఊరు అడిగింది ఇదే. నిజానికి ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఆ పిల్లలు తండ్రి లేకుండానే పెరిగారు, ఆ లోటును ఏ బిరుదూ పూడ్చలేదు. అయితే ఈ వాదనలో ఒక మోసం దాగి ఉంది. సంతకం పెట్టిన తండ్రి ఇల్లు చేరతాడన్న హామీ అందులో దాచి ఉంచారు. ఫ్రాంజ్ కన్నతండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా చనిపోయాడు. విధేయంగా యుద్ధానికి వెళ్లిన తండ్రులు కూడా పిల్లలను అనాథలను చేసే వెళ్తారని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చావును ఊరు త్యాగం అంటుంది, ఈ చావును బాధ్యతారాహిత్యం అంటుంది. పిల్లలకు మాత్రం రెండూ ఒకటే. తేడా అంతా ఆ చావు ఎవరి కోసం అన్నదాంట్లో ఉంది. ఆ లెక్క తేల్చుకునే హక్కు ఊరి కంటే ఫ్రాంజిస్కాకే ఎక్కువ. ఆమె తేల్చుకుంది.

ఆ తర్వాతి కాలం గురించి సినిమాలు ఎక్కువ చెప్పవు. అక్కడే ఆమె జీవితంలో అత్యంత కఠినమైన భాగం ఉంది. భర్తను కాపాడుకోలేకపోయిందని, నిజానికి ఆమె భక్తే ఆయన్ను చంపిందని బంధువులూ ఊరివాళ్లూ నిందించారు. అత్త నోటా ఆ మాట వచ్చింది. నాజీలు ఓడిపోయారు, ఆస్ట్రియా మళ్లీ దేశమైంది, అయినా ఆమెకు వితంతు పింఛను 1950 దాకా రాలేదు. నాజీ సైన్యంలో పోరాడి చనిపోయినవాళ్ల భార్యలకు అందిన గుర్తింపు, ఆ సైన్యంలో పోరాడనని చనిపోయినవాడి భార్యకు అందలేదు! 1946లో ఫ్రాంజ్ గురించి మేత్రాసన పత్రికలో వ్యాసం వేద్దామంటే బిషప్ ఫ్లీసర్ ఒప్పుకోలేదు. కర్తవ్యం అనుకుని యుద్ధంలో చనిపోయిన కథోలిక యువకులే తన దృష్టిలో గొప్ప వీరులని ఆయన వాదించాడు. అదే ఏడాది, మరణశిక్ష జరిగి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజున, ఫ్రాంజ్ చితాభస్మం సెయింట్ రాడెగుండ్ చర్చి గోడ పక్కన సమాధి అయింది. ఫ్రాంజ్ చేసిన చర్చి పనులు, అంటే పూజకు పాత్రలూ వస్త్రాలూ సిద్ధం చేయడం, చర్చి చూసుకోవడం, ఆయన తర్వాత ఫ్రాంజిస్కా చేపట్టింది. ఏళ్ల తరబడి చేసింది. తనను తప్పుపట్టినవాళ్లు వచ్చి మోకరించే చోటును ఆమె సిద్ధం చేసేది. పెద్దలు తన భర్తను సమర్థించనంత మాత్రాన ఆమె చర్చిని వదలలేదు. వదలనంత మాత్రాన ఆ పెద్దలు చెప్పింది సరైనదని ఒప్పుకోనూ లేదు.

ఇక్కడ ఇంకో అనుమానం రావచ్చు. కష్టపడే ఆడవాళ్ల సహనాన్ని పొగిడి పొగిడి వాళ్లను అలాగే ఉంచడం మన సమాజాలకు కొత్త కాదు. ఫ్రాంజిస్కాను మెచ్చుకోవడం కూడా అలాంటిదే కాదా? ఆమెను ఓర్పుకు మాత్రమే మెచ్చుకుంటే, అవును, అలాంటిదే. అందుకే ఆమె చేసిన పనుల మీద దృష్టి పెట్టాలి. భర్త ఉత్తరాలను, జైల్లో రాసుకున్న కాగితాలను ఆమె కాపాడింది. ఊరంతా మరచిపోదామనుకుంటున్న విషయానికి ఆధారాలు దాచడం మామూలు పని కాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త గోర్డన్ జాన్, జర్మన్ కథోలికులు హిట్లర్ యుద్ధాలను ఎలా సమర్థించారన్న పరిశోధనలో ఉండగా ఫ్రాంజ్ సంగతి తెలిసి ఆ ఊరు వెళ్లాడు. 1964లో పుస్తకం వేశాడు. ఊరివాళ్లు నోరు మెదపడానికి ఇష్టపడని విషయం మీద ఆ పుస్తకం నిలబడటానికి ఆ కాగితాలూ ఆధారమయ్యాయి. దాని ప్రభావం వాటికన్‌దాకా పాకింది. 1965లో రెండో వాటికన్ మహాసభలో, ఒకప్పుడు బొంబాయి ఆర్చిబిషప్‌గా పనిచేసిన థామస్ రాబర్ట్స్, మనస్సాక్షి కోసం యుద్ధాన్ని నిరాకరించేవారి పక్షాన వాదిస్తూ ఈ ఆస్ట్రియా రైతును ఉదాహరించాడు. ఒక పల్లెటూరి వితంతువు పారేయకుండా దాచిన ఉత్తరాలు లేకపోతే ఆ గొలుసు అంత దూరం సాగేదా అన్నది అనుమానమే.

ఆమె చాలాకాలం బతకడం వల్ల జరిగిన మంచి ఇంకొకటి ఉంది. కాలం ఆమె వైపు తిరిగిన రోజులు ఆమె కళ్లతో చూసింది. 1997లో బెర్లిన్ న్యాయస్థానం ఫ్రాంజ్ మీద ఇచ్చిన మరణశిక్ష తీర్పును రద్దు చేసింది. 2007 అక్టోబరు 26న లింజ్ పెద్ద చర్చిలో ఆయన్ను ధన్యుడిగా ప్రకటించే వేడుకలో 94 ఏళ్ల ఫ్రాంజిస్కా ఆయన అవశేషాలున్న భరిణెను ముద్దాడి అందించింది. అదే పీఠం ఒకప్పుడు ఆయన గురించి ఒక వ్యాసం అచ్చు వేయడానికి ఒప్పుకోలేదని గుర్తుంచుకుంటే ఆ రోజు విలువ తెలుస్తుంది. 2013 మార్చి 16న, నూరేళ్లు నిండిన పన్నెండో రోజున, ఆమె కన్నుమూసింది. వాళ్ల కాపురం ఏడేళ్లకు కొద్దిగా తక్కువే.

ఈ ఇద్దరి కథలో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవాలనుకునేవారికి ఒక దారి ఉంది. సంపాదకురాలు ఎర్నా పుట్స్ 1987లో అచ్చు వేసింది ఫ్రాంజ్ జైలు ఉత్తరాలనూ రాతలనూ మాత్రమే. ఇరవై ఏళ్ల తర్వాత, 2007లో, ఆమే సంపాదకత్వం వహించిన పెద్ద సంపుటంలో భార్యాభర్తల ఉత్తర ప్రత్యుత్తరాలు రెండు వైపులా వచ్చాయి. దాని ఆధారంగా 2009లో ఇంగ్లీషు సంపుటం వెలువడింది. సినిమా చూసినవాళ్లు ఈ పుస్తకాన్ని కూడా తెరవడం మంచిది. అందులో ఫ్రాంజిస్కా తన మాటల్లోనే పంట గురించి, పిల్లల గురించి, దేవుడి గురించి ఒకే కాగితం మీద రాస్తుంది.