రోకలిబండ మరక

తొలకరి జల్లులు పడి నేల మెత్తబడగానే ఆదిలాబాదు టేకు అడవుల్లోనూ, గోదావరికి దక్షిణాన కరీంనగరు పల్లెల్లోనూ రోకలిబండలు బయటికి వస్తవి. ఎండలు ముదిరినన్నాళ్లూ రాలిన ఆకుల క్రింద, బండల సందుల్లో దాగియుండిన ఈ ప్రాణులు వానాకాలంలో బడిగోడల మీద సైతం కనిపిస్తవి. పుల్లతో తాకితే రోకలిబండ చుట్ట చుట్టుకుంటుంది. పిల్లవాడు అంతటితో ఊరుకోక దానిని చేతిలోకి తీసుకొని నలిపితే వేళ్లకు పసుపుపచ్చని తడి అంటుతుంది. ముక్కుకు ఘాటు తగులుతుంది. కొంతసేపటికి ఆ చోట చర్మం గోధుమరంగుకు మారుతుంది. తరువాత సబ్బుతో ఎంత తోమినా ఆ మరక పోదు.

"కుట్టింది" అంటారు పెద్దలు. కాని రోకలిబండకు కొండి లేదు, విషపు కోరలూ లేవు. అవి ఉన్నది జెర్రికి. రోకలిబండ ఆయుధం రసాయనము. దాని దేహఖండాలలో చాలావాటికి రెండు ప్రక్కలా సన్నని రంధ్రాలున్నవి. వాటి వెనుక చిన్న తిత్తులవంటి గ్రంథులున్నవి. మనం సాధారణంగా చూచే గుండ్రని రోకలిబండలలో ఈ గ్రంథులు స్రవించేది బెంజోక్వినోనులనే పదార్థాల మిశ్రమము.

ఈ రసాయనమే వేరొక ప్రాణిలో బయటపడిన వైనం ఆసక్తికరమైనది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశంలో ఎస్తాబ్లే, అర్దావో మొదలైన పరిశోధకులు ఒక పొడుగుకాళ్ల ప్రాణి స్రావం సూక్ష్మజీవులను చంపుతున్నదని గమనించారు. హార్వర్డు రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ ఫీజర్‌తో కలిసి 1955లో ఆ సంగతి ప్రకటించి, ఆ స్రావానికి గోనిలెప్టిడీను అని పేరు పెట్టారు. మరుసటి యేడు దానిని విడదీసి చూడగా అది ఒకే పదార్థం కాదనీ, మూడు బెంజోక్వినోనుల కలయిక అనీ తేలింది.

ఆ ప్రాణి సాలెపురుగుకు దూరపు బంధువు, కాని సాలెపురుగు కాదు. ఇంగ్లీషులో దీనిని హార్వెస్ట్‌మన్, అనగా కోత కోసేవాడు, అంటారు. శాస్త్రజ్ఞులు ఈ వర్గానికి ఒపిలియోనులని పేరు పెట్టారు. లాటిను భాషలో ఒపిలియో అంటే గొర్రెల కాపరి. మరగాళ్ల మీద నిలబడి మందను చూచుకొనే కాపరి ఎవరికి గుర్తు వచ్చాడో గాని, పేరు బాగానే కుదిరింది. సాలెపురుగుకు తలవైపు భాగానికీ కడుపుకూ నడుమ సన్నని నడుము ఉంటుంది. దీని శరీరం ఒకే ముద్దగా కనిపిస్తుంది. ఇది దారం తీయదు, గూడు అల్లదు. దీనికి విషగ్రంథులు లేవు. ఇంటి మూలల్లో బూజు అల్లే పొడుగుకాళ్ల సాలెపురుగును చూచి ఇదే అదని పొరబడరాదు. లోకంలో ఆరువేలకు పైగా జాతులున్న ఈ వర్గం మన దేశంలో ముఖ్యంగా పడమటి కనుమల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల తేమ అడవుల్లోనూ నివసిస్తుంది. ముందుకాళ్ల మొదళ్లకు దగ్గరగా, శరీరానికి రెండు అంచులా, దీనికి ఒక్కొక్క వాసన గ్రంథి ఉంటుంది.

ఉరుగ్వే ప్రాణి తన మందును వాడుకొనే తీరు 2004లో వివరంగా తెలిసింది. శత్రువు తాకగానే అది మొదట తన జీర్ణరసాన్ని కక్కుతుంది. ఆ ద్రవం సన్నని కాలువల గుండా గ్రంథి రంధ్రం దగ్గరకు చేరుతుంది. అక్కడ గ్రంథి కొద్దిపాటి క్వినోనును అందులో కలుపుతుంది. ఆ మిశ్రమం శరీరపు ప్రక్కల వెంట ప్రాకి ప్రాణిని తడుపుతుంది; చీమలు వెనుదిరుగుతవి. ఉత్తర అమెరికాలోని మరొక జాతి ముందుకాళ్ల కొనలను ఆ ద్రవంలో ముంచి, మీదికి వచ్చిన చీమకు పూస్తుంది. విలువైన మందును పొదుపుగా వాడుకొనే పద్ధతి ఇది.

ఇక మరక సంగతి. క్వినోను అణువులో ఆరు కర్బన పరమాణువుల వలయము, దానికి ఎదురెదురుగా రెండు ఆమ్లజని పరమాణువులు ఉంటవి. మాంసకృత్తులలో నత్రజని, గంధకము ఉన్న చోట్లను ఇది గట్టిగా పట్టుకుంటుంది. తెలంగాణ పల్లెల్లో తంగేడు చెక్కతో తోలును పదును పెట్టడం తెలిసినదే. చెక్కలోని టానిను తోలులోని మాంసకృత్తులను పట్టుకొని దానిని చెడకుండా చేస్తుంది. రసాయనాలు వేరైనా, పిల్లవాని వేలిమీద క్వినోను చేసేదీ దాదాపు అదే: పైచర్మం ఆ మేరకు పదునెక్కుతుంది. అందుకే సబ్బుకు లొంగదు. పైపొర అరిగి రాలినప్పుడే మరక పోతుంది.

మరి ఆ ప్రాణి శరీరం మాత్రం పదునెక్కదా? గ్రంథి తిత్తి లోపలి గోడకు, ప్రాణి పైతొడుగు వంటి పొరే అస్తరుగా ఉంటుంది. మందు జీవకణాలను తాకదు. రోకలిబండలలోనే బల్లపరుపు వీపుగల తెగలు ఇంకొక ఉపాయం పన్నినవి. వాటి గ్రంథికి రెండు గదులుంటవి. ఒక గదిలోని పదార్థం రెండవ గదిలోకి వచ్చి ఎంజైముతో కలిసినప్పుడే చేదుబాదం వాసనగల బెంజాల్డిహైడు, దానితోపాటు ప్రాణాంతకమైన హైడ్రోజను సయనైడు పుడతవి. అంతవరకు విషం సిద్ధంగా ఉండదు.

రోకలిబండ, ఒపిలియోను కాళ్లున్న ప్రాణులన్నమాటే గాని, వాటి వంశాలు విడిపోయి కోట్ల సంవత్సరాలయింది. అయినా రెండూ వేరువేరుగా క్వినోనునే చేరుకొన్నవి. కొన్ని పెంకుపురుగులూ అంతే.

తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయుడు రోకలిబండను గాజుసీసాలో ఉంచి చూపి, తిరిగి ఆకుల్లో వదలవచ్చును. చేతికి స్రావం అంటితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి. ఆ చేతితో కళ్లు నులుమరాదు. కంటిలో పడితే మంట పుట్టడమే గాక నల్లగ్రుడ్డు పైపొర పుండుపడవచ్చును. కనుక ధారగా నీళ్లు పోసి కడిగి, ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు తీసుకొనిపోవాలి.

వెనెజులాలో ఒక జాతి కోతులు వానాకాలంలో రోకలిబండలను పట్టి తమ బొచ్చుకు రుద్దుకుంటవి. క్వినోనులకు దోమలు దూరంగా తొలగుతవని ప్రయోగాలలో తేలింది.